తాబేలు కోటలో కండక్టర్

మా మామయ్యగారు ఉద్యోగమంతా సిటీ బస్సులో కండక్టర్‌గానే చేశారు. ఆయన "రైట్ రైట్" అంటే బస్సు కదిలేది, "హోల్డాన్" అంటే ఆగేది. వెనక ఎన్ని హారన్లు మోగనీ, డ్రైవర్ ఎంత విసుక్కోనీ, ఆయన నోట మాట రానిదే చక్రం తిరిగేది కాదు. అలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చుని "జర ఫ్యాను బంద్ జేయుర్రి" అంటే మా ఇంట్లో ఒక్కరూ లేవరు. మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఆఁ నాయినా" అంటారు. నేను వంటింట్లోంచి "వస్తున్నా మామయ్యగారూ" అంటాను, వెళ్ళను. చివరికి ఆయనే లేచి ఫ్యాను ఆపుకుని, మళ్ళీ కుర్చీలో కూర్చుని, టీవీలో వార్తలు చదివే అమ్మాయితో "నువ్వన్న జర ఆగు బిడ్డా" అంటారు. ఆవిడా ఆగదు.

ఆయనకి డబ్బు అక్కర్లేదు, తిండి మీద యావ లేదు, షికార్లు అక్కర్లేదు. చెప్పిన మాట వినే మనుషులు కావాలి. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసీ మేము లేవలేదు, ఎందుకంటే ఫ్యాను అనేది ఎవరో ఒకరు ఆపుతారులే అనిపించే వస్తువు. మాట వినేవాళ్ళు ఆయనకి దొరికారు. కాకపోతే వాళ్ళంతా ఒక తాబేలు ముందు నిలబడి ఉన్నారు.

ఆ తాబేలు గురించి చెప్పాలంటే ముందు నా గురించి చెప్పాలి. నేను పంజగుట్టలో ఒక కళ్ళద్దాల దుకాణంలో కంటి పరీక్షలు చేస్తాను. వారమంతా "ఇది బాగుందా, ముందుది బాగుందా" అని అడిగి అడిగి నోరు అరిగిపోతుంది. ఆదివారం పొద్దున టిఫిన్లు అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆన్‌లైన్ ఆట ఆడతాను. నవ్వకండి, నలభై దాటితే ఆడకూడదని ఎక్కడా రాసి లేదు. ఇరవై మందిమి ఎవరి గదుల్లో వాళ్ళు కూర్చుని, ఒకేసారి ఒక కోటలోకి వెళ్ళి, నిప్పులు కక్కే పెద్ద తాబేలుతో యుద్ధం చేస్తాం. ఆ జట్టుకి నాయకురాలిని నేనే. వాళ్ళలో చాలామంది మొహాలు నేనెప్పుడూ చూడలేదు. అందరూ అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, యూసుఫ్‌గూడ చుట్టుపక్కలే ఉంటారని మాత్రం తెలుసు. కరెంటు పోతే అందరం ఒకేసారి మాయమవుతాం కదా.

తాబేలుతో పద్ధతి చాలా తేలిక. అది తల లోపలికి లాక్కుంటే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి, కదిలినవాడు బూడిద. తల బయట పెడితే పరిగెత్తాలి, నిలబడ్డవాడు బూడిద. ఇంతే. చిన్నపిల్లలాటలా ఉంది కదా? నెలల తరబడి బూడిద అవుతూనే ఉన్నాం. ఇరవై మంది గుంపులో, ఆ పొగలో, దాని తల ఎటుందో ఎవడికి కనిపిస్తుంది?

జట్టులో నాకు మొహం తెలిసింది ఒక్కడే. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పే సారు, గుంటూరు వైపు మనిషి, మా బిల్డింగ్‌లోనే పై అంతస్తులో అద్దెకుంటాడు. ఒక ఆదివారం బూడిదయ్యాక మెట్లు దిగి మా ఇంటికొచ్చాడు. యాడాన్ ఒకటి రాస్తానన్నాడు. యాడాన్ అంటే ఆట తయారుచేసిన కంపెనీ ఇచ్చేది కాదు, ఆడేవాళ్ళే రాసుకుని ఆటకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. తాబేలు తల కదలికను అది కనిపెట్టి, ఆగండి, పరిగెత్తండి అని మన చెవిలో చెబుతుందట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అది ఆగమంటే ఆగి, పరిగెత్తమంటే పరిగెత్తడానికి మధ్యలో మనం ఎందుకండీ? దాన్నే తాబేలు మీదకి పంపించి మనం పోయి పడుకుందాం" అన్నాను.

"అదేంటి మేడం, మీరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మేదేంటి? కళ్ళకి యాడానే కదండీ."

"కళ్ళద్దాలు కనపడేట్టు చేస్తాయి. చదివి పెట్టవు."

"మరి చెవి మిషనో?"

"అది మా షాపులో లేదు" అన్నాను.

అమీర్‌పేటలో పాఠాలు చెప్పేవాడితో వాదించి గెలవడం కష్టం. జవాబు తెలియని ప్రశ్న వేస్తే అది రేపటి క్లాసులో వస్తుందంటాడు. నేను మాత్రం గట్టిగానే నిలబడ్డాను. ఇరవై మంది తప్పులు చేసుకుంటూ, తిట్టుకుంటూ, ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చుకుంటేనే అది ఆట. చెవిలో ఎవడో చెబుతుంటే అది చూచిరాత పరీక్ష. ఈ మాట అంటుండగానే బయట వరండాలోంచి బిల్డింగ్ అదిరేలా ఒక కేక వినపడింది.

"హోల్డాన్! ముసలామె ఎక్కుతాంది! హోల్డాన్!"

మామయ్యగారు. మా లిఫ్టులో నలుగురు పట్టే చోట ఆరుగురు ఎక్కుతారు, ఏడోవాళ్ళు వచ్చేలోపు తలుపేసుకుంటారు. ఆయనకది నచ్చదు. వెళ్ళి లిఫ్టు పక్కన నిలబడతారు. ఆయన మాట మనుషులూ వినరు, లిఫ్టూ వినదు. కానీ ఆ కేకకి మా సారు చేతిలో టీ కప్పు నోటికీ సాసరుకీ మధ్య ఆగిపోయింది.

"మేడం," అన్నాడు, "ఈ గొంతు పెడదామండీ."

నేను ఒప్పుకున్నానని అనుకోకండి. ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ మామయ్యగారు లోపలికొచ్చి, సంగతంతా విని, "నా గొంతా? ఎవలకు గావాలె?" అని అడిగినప్పుడు ఆయన మొహం చూశాను. వద్దనే బదులు సారుకి ఇంకో కప్పు టీ పోశాను.

"ఏ రూటు?" అని అడిగారు ఆయన.

"తాబేలు కోట, మామయ్యగారూ."

"కొత్త రూటా? ఎంతమంది ఎక్కుతరు?"

"ఇరవై మంది."

"గింతేనా? నేను ఒక్క ఫుట్‌బోర్డు మీదనే గంతమందిని మోసిన."

రికార్డింగు మా హాల్లో పెట్టుకున్నాం. మామయ్యగారు పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకున్నారు. సారు ఫోను ముందు పెట్టి "కానివ్వండి" అన్నాడు. కుర్చీలో కూర్చుని "రైట్ రైట్" అన్నారు. జ్వరం మనిషి మంచినీళ్ళడిగినట్టుంది. నిలబడి అన్నారు, అదే గొంతు.

"బస్సు కదలకుండ రైట్ ఎట్లంట? అబద్ధమైతది" అన్నారు.

సారు ఎంత నచ్చజెప్పినా గోడకి చెప్పినట్టే అయింది. ఆయన్ని మంచం మీద నిలబెట్టి మా ఆయనా, సారూ రెండు వైపులా పట్టుకుని ఊపారు. "గిది ఎడ్లబండి" అని దిగిపోయారు. ఆటో మాట్లాడదామంటే ఆటోలో కండక్టర్ ఎందుకుంటాడని కోప్పడ్డారు. చివరికి మాకు మిగిలింది లిఫ్టు. కిందికీ పైకీ తిప్పుతుంటే, పక్కనున్న కడ్డీ పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఆయన అసలు గొంతు బయటికి తీశారు. ఎన్నాళ్ళు దాచుకున్నారో ఆ గొంతుని, పాపం.

అయితే లిఫ్టన్నాక జనం ఎక్కుతారు. నాలుగో అంతస్తు అక్క చేతుల నిండా సామానుతో ఎక్కి, "అన్నా, జర పాల ప్యాకెట్ పట్టుకో" అంది. మామయ్యగారు ప్యాకెట్ పట్టుకుని, వెనకాల అందరూ ఎక్కారో లేదో చూసుకుని, బ్రహ్మాండంగా "రైట్ రైట్!" అన్నారు. అంత మంచి రైటు మళ్ళీ పడలేదు. పాల ప్యాకెట్ మాటకి ఆ రైటు అంటుకుని ఉంది, దాన్ని కోస్తే ఇది తెగుతుందన్నాడు సారు. ఇంకోసారి చెప్పమంటే మామయ్యగారు చెప్పలేదు. పోయిన ట్రిప్పు మళ్ళీ కొట్టరట.

అలాగే పెట్టేశాడు.

మరుసటి ఆదివారం కోటలోకి వెళ్ళాం. తాబేలు తల లోపలికి లాక్కుంది. ఇరవై చెవుల్లో "హోల్డాన్!" అని ఒక్కసారి మోగింది. అందరూ ఆగారు. నిజంగా అందరూ, ఒక్కడు కదల్లేదు. నా జన్మలో ఆ జట్టు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. తర్వాత తాబేలు తల బయట పెట్టింది. "అన్నా, జర పాల ప్యాకెట్ పట్టుకో. రైట్ రైట్!"

ఒకడు పాల ప్యాకెట్ ఎక్కడుందని కోటంతా వెతికి బూడిదయ్యాడు. మిగిలినవాళ్ళం పరిగెత్తాం. ఆ పూటే తాబేలు చచ్చింది. చచ్చినా ఆటలో అది వారం వారం మళ్ళీ పుడుతుంది, మేమూ మళ్ళీ వెళతాం.

సంతోషం వేసిందా అంటే వేసింది, అబద్ధం ఎందుకు? కానీ ఇది మన గెలుపు కాదని జట్టుకి ప్రతి వారం చెప్పేదాన్ని. ఆట కంపెనీవాళ్ళు అభిప్రాయం అడిగినప్పుడల్లా యాడాన్లు తీసేయండని రాస్తూనే ఉన్నాను. వాడుకుంటూనే వద్దని రాయడం ఏమిటని మా ఆయన అడిగారు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళట. మూడే, ఏం? ట్రాఫిక్‌లో నిలబడ్డవాళ్ళు ట్రాఫిక్‌ని తిట్టకూడదా?

ఈలోగా సారు ఆ యాడాన్‌ని అందరికీ దొరికేలా పెట్టేశాడు. వేరే జట్లు తీసుకున్నాయి. తెలుగు ముక్క రానివాళ్ళు కూడా పాల ప్యాకెట్ అనగానే పరుగందుకుంటున్నారట. అది మీ పాత మంత్రమా అని ఎవరో సారుని ఇంగ్లీషులో అడిగారు. కాదు, టోన్డ్ మిల్క్ అని రాశాడట.

మామయ్యగారికి ఈ ఆట ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. ఆయన అడిగేది ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని "ఇయ్యాల ఇన్నరా?" అనేవారు.

"విన్నారు మామయ్యగారూ."

"మొత్తం మంది?"

"మొత్తం."

అప్పుడు పప్పు ఇంకో గరిటె వేయించుకునేవారు. ఆయన నడక మారింది. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో ఫ్యాను మాత్రం ఇంకా ఆయనే ఆపుకుంటున్నారు. కానీ ఒకరోజు నేను పొయ్యి మీద పాలు పెట్టి గరిటె తిప్పుతుంటే, వరండాలోంచి ఆయన లిఫ్టు మీద "హోల్డాన్!" అని అరిచారు. నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. పాలు పొంగి, పొయ్యి ఆరి, మా ఆయన వచ్చి "ఏమైందే?" అని భుజం కుదిపేదాకా అలాగే నిలబడ్డాను. రైట్ చెప్పలేదు కదా మరి.

తర్వాత కంపెనీవాళ్ళు కొత్త అప్‌డేట్ తెచ్చారు. యుద్ధం జరుగుతుండగా ఏ యాడానూ ఆటగాడికి ఏమీ చెప్పకూడదు, మాట్లాడకూడదు. వాళ్ళు ఇచ్చిన కారణాలు చదివితే, ఇంతకాలం నేను రాసినవన్నీ నాకే తిరిగొచ్చినట్టున్నాయి. ఆట ఆటగాడిది, చూడటం, తడబడటం, నేర్చుకోవడం అతని పనేనట. సారు మెట్లు దిగి వచ్చి "మీరే గెలిచారు మేడం" అన్నాడు. గెలిచాను. పెళ్ళిభోజనానికి వెళ్ళి విస్తరి ముందు జ్వరంతో కూర్చున్నట్టుంది నాకు.

మామయ్యగారికి చెప్పలేకపోయాను. ఆదివారం "ఇన్నరా?" అంటే "విన్నారు" అన్నాను. "మొత్తం మంది?" అంటే "మొత్తం" అన్నాను. ఆ పూట మేం అందరం బూడిద. కానీ ఆయన కండక్టర్, టికెట్ కొనకుండా తల తిప్పుకుని కూర్చున్నవాడిని మెడ వెనకనుంచే గుర్తుపట్టిన మనిషి. ఆ తర్వాతి ఆదివారం నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డారు. తాబేలు తల లోపలికి పోయింది. ఏ గొంతూ రాలేదు.

"నా బస్సు డిపోల వెట్టిన్రా?" అన్నారు.

నేను అవునన్నాను. అంతే, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

చూడలేక ఇంకో వారం నేనే పిలిచాను. నిషేధం ప్రోగ్రాం మీద కానీ, నా పక్కన కూర్చున్న మనిషి మీద కాదు కదా? మైకు ఆయన ముందు పెట్టాను, ఆయనే నేరుగా చెబుతారని. ఖాకీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. తాబేలు తల లోపలికి పోయింది, "హోల్డాన్!" అన్నారు, అందరూ ఆగారు. తల బయటికి వచ్చింది. ఆయన మాట్లాడరు.

"మామయ్యగారూ, రైట్ చెప్పండి! రైట్!"

"ఆగు బిడ్డా. గా ఎనుకున్నోడు ఇంక రాలే."

నిజమే, ఒకడు కోట గుమ్మం దగ్గరే చిక్కుకున్నాడు, వాడి ఇంటర్నెట్ నత్తనడక. మేమెప్పుడూ వాడి కోసం ఆగం. వాడూ ఆగమని అడగడు. మామయ్యగారు ఆగారు. పంతొమ్మిది మందిమి వరసగా బూడిదయ్యాం. వెనకున్నవాడొక్కడే బతికి, ఎవరూ లేని కోటలోకి మెల్లగా నడిచి వచ్చాడు. మళ్ళీ ప్రయత్నించాం, మళ్ళీ అదే.

"ఎనుకున్నోడు ఎక్కకముందే రైట్ ఎట్ల జెప్త?" అన్నారు ఆయన, నన్నే తప్పుపడుతూ.

జట్టులో ఎవరో గౌరవంగానే అన్నారు: "మేడం, తాతగారిని జర రెస్ట్ తీసుకోమనండి." స్పీకర్‌లోంచి ఆ మాట హాలంతా వినపడింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. వాడిని జట్టులోంచి తీసేశాను, అరగంట తర్వాత మళ్ళీ చేర్చుకున్నాను. మామయ్యగారు అప్పటికే చొక్కా విప్పి మడత పెడుతున్నారు.

ఆ తర్వాత ఆయన లిఫ్టు దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఫ్యాను ఆపమని కూడా అడగలేదు. ఉక్కపోసినా చలేసినా ఒకటే, అది తిరుగుతుంటే దాని కింద కూర్చునేవారు. ఇప్పుడు మేమే లేచి ఆపడం మొదలుపెట్టాం, కానీ అడగని దానికి లేస్తే ఏం లాభం?

మొన్నీమధ్య ఆయన కళ్ళు పరీక్ష చేద్దామని మా షాపుకి బయల్దేరదీశాను. మా అమీర్‌పేట నుంచి పంజగుట్టకి మెట్రో ఉంది, నడిచినా పెద్ద దూరం కాదు. ఆయన బస్సులోనే వస్తానన్నారు. మెట్రో స్తంభాల కింద స్టాపులో నిలబడ్డాం. చుట్టూ కోచింగ్ సెంటర్ల పిల్లలు, జిరాక్స్ కట్టలు, మిర్చి బజ్జీల పొగ, వచ్చేపోయే ప్రతి చేతిలో కరపత్రం పెట్టే మనిషి. బస్సు వచ్చింది. జనం ఎక్కుతున్నారు. మేము కూడా ఎక్కేవాళ్ళమే, కానీ ఆయన మెట్టు దగ్గర ఆగి వెనక్కి చూశారు. ఒక ముసలామె పెద్ద సంచీ ఈడ్చుకుంటూ వస్తోంది, ఇంకా దూరంలో ఉంది. బస్సు కదిలింది.

"హోల్డాన్!"

నెలల తర్వాత వచ్చిన గొంతు అది. స్తంభాలకి తగిలి తిరిగొచ్చింది. ఆ హారన్ల మోతలో డ్రైవర్‌కి ఎలా వినపడుతుంది? బస్సు పంజగుట్ట వైపు వెళ్ళిపోయింది.

"ఇనలే" అన్నారు మామయ్యగారు, దాన్నే చూస్తూ. చాలా మెల్లగా అన్నారు.

నేను ఆయన భుజం పట్టుకుందామనుకున్నాను. పట్టుకోలేకపోయాను, ఎందుకంటే నా చెయ్యి సగంలో ఆగిపోయి ఉంది. కళ్ళు మాత్రం తిప్పి చూశాను. బజ్జీల బండి దగ్గర ఒకడు బజ్జీని పళ్ళ దాకా తెచ్చి అలాగే ఉన్నాడు. ఫుట్‌పాత్ అంచున ఒకడు ఒంటికాలి మీద ఊగుతున్నాడు. జిరాక్స్ కట్ట గుండెలకి హత్తుకుని ఒక అమ్మాయి మెడ పక్కకి తిప్పినది తిప్పినట్టే ఉంది. అవతల ఇంకో ఇద్దరు. వాళ్ళ వెనక నడిచేవాళ్ళు వాళ్ళని గుద్దుకుని తిట్టుకుంటూ పోతున్నారు. కదలని మనుషులు దొరికారు కదా అని కరపత్రాల మనిషి ఒక్కొక్కరి వేళ్ళ మధ్యా ఒక్కో కాగితం దోపుతూ వస్తున్నాడు. నాకూ ఒకటి పెట్టాడు.

జిరాక్స్ అమ్మాయి పెదాలు కదలకుండా మాట్లాడింది.

"తాతా, నువ్వు తాబేలు తాతవే గద? జర రైట్ చెప్పు. మెడ గుంజుతాంది."

మామయ్యగారు ఆ అమ్మాయిని చూశారు. ఒంటికాలివాడిని చూశారు. బజ్జీవాడిని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఇన్నరా?" అని అడిగారు.

"విన్నారు మామయ్యగారూ."

"మొత్తం మంది?"

"మొత్తం" అన్నాను. ఈసారి అబద్ధం కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

ఆట సంగతి ఇప్పుడడిగినా యాడాన్లు వద్దనే అంటాను. కానీ ఆ క్షణంలో తాబేలు ఎక్కడా లేదు, ప్రోగ్రామూ లేదు, కంపెనీ వచ్చి ఆపడానికి అక్కడేమీ లేదు. ఒంటికాలివాడు "తాతా, పడిపోత" అని మూలిగాడు. మామయ్యగారు తొందరపడలేదు. చొక్కా పైగుండీ పెట్టుకున్నారు. ఎడమకి చూశారు, కుడికి చూశారు, వెనక్కి చూశారు. ముసలామె ఇంకా వస్తూనే ఉంది. ఆవిడ ఫుట్‌పాత్ ఎక్కి, సంచీ దించి, నడుము పట్టుకుని నిటారుగా నిలబడేదాకా ఆగారు.

అప్పుడు బస్‌స్టాపు ఇనుప స్తంభాన్ని అరచేత్తో రెండుసార్లు చరిచి "రైట్ రైట్" అన్నారు. మేమందరం కదిలాం.